పరీక్ష నెగ్గిన పట్టీ, ఆగని దురద

ప్రశ్న: మధుమేహం ఉన్న మా అమ్మగారు చేతికి గ్లూకోజ్ సెన్సర్ (చక్కెర స్థాయిని కొలిచేందుకు చర్మానికి పట్టీలా అంటించుకునే పరికరం) పెట్టుకుంటున్నారు. నెలల తరబడి ఏ ఇబ్బందీ లేదు గాని, ఇప్పుడు పెట్టిన రెండో రోజుకే దురద, ఎర్రని పొక్కులు వస్తున్నాయి. పెట్టె మీద మాత్రం చర్మానికి సురక్షితమని పరీక్షించినట్లు రాసి ఉంది. ఇదంతా చెన్నై చెమట వల్లనేనా?
– ఒక పాఠకురాలు, వేలచ్చేరి, చెన్నై

జవాబు: చెమట వల్ల కూడా చర్మం నాని మండుతుంది. అయితే అటువంటి మంట సాధారణంగా పట్టీ అంటుకున్న మేరకే ఉండి, తీసిన ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. చాలాకాలం హాయిగా ఉండి, ఆ తర్వాత పెట్టిన ప్రతిసారీ త్వరగా పొక్కులు రావడం అలర్జీ లక్షణం.

ఇటువంటి పరికరాలను ఐఎస్ఓ 10993 అనే అంతర్జాతీయ భద్రతా ప్రమాణాల ప్రకారం పరీక్షిస్తారు. జిగురు కణాలను చంపుతుందా, చర్మాన్ని మండిస్తుందా అన్నవి ప్రయోగశాలలో పెంచిన కణాల మీద, చర్మపు పొరల మీద తేల్చవచ్చు. అలర్జీ సంగతి అంత తేలిక కాదు. మనుషులపై చేసే ఒక పరీక్షలో దాదాపు మూడు వారాల పాటు ఒకే చోట పట్టీని మళ్లీ మళ్లీ వేసి, సుమారు రెండు వారాలు విరామమిచ్చి, కొత్త చోట వేసి చూస్తారు. ఏడాది పొడవునా పట్టీ ధరించే మనిషి చర్మం ఎలా స్పందిస్తుందో ఇంత స్వల్ప వ్యవధిలో పూర్తిగా బయటపడదు.

దీనికి మంచి ఉదాహరణ ఐసోబోర్నిల్ ఆక్రిలేట్ అనే రసాయనం. ఒక గ్లూకోజ్ సెన్సర్ వల్ల వచ్చిన అలర్జీకి ఇదే కారణమని 2017లో బెల్జియం, స్వీడన్ చర్మవైద్యులు గుర్తించారు. విచిత్రమేమిటంటే, ఈ పదార్థం ప్రధానంగా ఉన్నది చర్మానికి అంటుకునే జిగురులో కాదు, పరికరపు ప్లాస్టిక్ భాగాలను అతికించిన చోట. అక్కడి నుంచి అది పట్టీలోకి, చర్మం మీదికి చేరింది. అందువల్ల జిగురు ఒక్కదాన్నే పరీక్షించి ఇచ్చిన హామీకి నేను పెద్ద విలువ ఇవ్వను. తయారైన పరికరం మొత్తాన్నీ పరీక్షించాలి.

అమ్మగారిని చర్మవైద్యుల వద్దకు తీసుకువెళ్లి ఏ పదార్థం వల్ల అలర్జీ వస్తోందో తేల్చే ప్యాచ్ టెస్ట్ గురించి అడగండి. వీపుపై అతికించిన పదార్థాలను 48 గంటలకు తీసి చూసి, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ చూస్తారు. ఐసోబోర్నిల్ ఆక్రిలేట్ వంటి ఆక్రిలేట్ రసాయనాలు మామూలు పరీక్షా జాబితాలో లేకపోవచ్చు కనుక సెన్సర్ పేరు ముందే చెప్పండి. అంతవరకు పొక్కులున్న చోట కొత్త సెన్సర్ పెట్టవద్దు. చక్కెర కొలవడం మానకుండా వేలి చివర రక్తంతో గ్లూకోమీటర్‌పై చూసుకోమనండి.