చుక్కను సాగనంపే ముందు

రాజమహేంద్రవరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాసేది. మొన్న రాత్రి నువ్వు మాట పూర్తి చేయలేక ఫోను పెట్టేసిన తరువాత నాకు నిద్ర పట్టలేదు. మీ కుక్క చుక్కకు రెండు మూత్రపిండాలూ పాడయ్యాయనీ, సెలైను ఎక్కించిన రోజున కాస్త తేరుకుని మరునాటికి మళ్ళీ వాంతులు చేసుకుంటోందనీ, ఇక ఇంజెక్షనుతో సాగనంపడమే మంచిదని డాక్టరుగారు అన్నారనీ చెప్పావు. "నా చేతులతో నేనే చంపుకోవాలా పెద్దమ్మా?" అని అడిగావు. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను గనుక ఇప్పుడు వ్రాస్తున్నాను.

ముందు మా గవ్వ సంగతి నీకు తెలియాలి. రైలు గోదాముల దగ్గర కాలు విరిగి పడివున్న కుక్కపిల్లను మీ పెదనాన్నగారు తువ్వాలులో చుట్టి తెచ్చారు. పదమూడేళ్ళు మా గడపలో బ్రతికింది. చివరికి కడుపులో గడ్డ లేచి అన్నం మానేసినప్పుడు, విదేశంలో ఉన్న మీ అన్నయ్య వచ్చి చూసుకోవాలని తొమ్మిది రోజులు ఆపాను. ఆ తొమ్మిది రోజులూ మా కోసం గడిచాయి గాని దాని కోసం కాదు. తీరా ఆసుపత్రిలో ఆ సమయం వచ్చేసరికి చూడలేక నేను వరండాలోకి వెళ్ళిపోయాను. మందు పనిచేసేదాకా అది తలుపు వైపే చూస్తూ ఉందని అక్కడి కాంపౌండరు తరువాత చెప్పాడు. గవ్వ పోయినందుకు కలిగిన దుఃఖం కాలక్రమాన తగ్గింది. నేను గదిలో లేనన్న బాధ మాత్రం ఈనాటికీ తగ్గలేదు.

అందుకే నీకు చెప్పదలచిన మొదటి మాట, నువ్వు దాని పక్కనే ఉండు. వీధిలో దెబ్బలు తిని వచ్చిన కుక్కకు మనుషులంటే మొదట భయమే ఉంటుంది. చీపురు తీస్తే చాలు చుక్క మంచం కిందకు దూరేదనీ, నీ చేతి నుంచి పెరుగన్నం తినడానికి రెండు నెలలు పట్టిందనీ నువ్వే చెప్పావు. అంత కష్టపడి ఒక్క మనిషిని నమ్మిన జీవి, ఆఖరి గంటలో తెలియని చేతుల మధ్య ఉండకూడదు. ఇంటికి రాగలరేమో డాక్టరుగారిని అడుగు. వీలుకాదంటే కారు వెనక సీటులో దాని పాత దుప్పటి పరచి, మొదటి ఇంజెక్షను అక్కడికే వచ్చి ఇవ్వమని బ్రతిమాలుకో.

ఇక ఎప్పుడన్నది. పాడైపోయిన మూత్రపిండం మళ్ళీ మునుపటిలా కాదు. సెలైను రక్తంలోని విషాన్ని పలుచన చేసి కాస్త ఊరటనిస్తుంది, అంతే. నోట్లో పుండ్లు పడి ఆకలి ఉన్నా తినలేకపోతుంది కాబట్టి, గిన్నె దగ్గరకు వచ్చి వెనక్కి తిరిగితే మొండితనమనుకోవద్దు. నొప్పి చూడలేక మన ఇంట్లో ఉండే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు మాత్రం వేయకు, అవి కుక్కలకు విషంతో సమానం. అలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు 2004లో ఒక కొలమానం తయారుచేశారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, మంచి రోజులు అన్న ఏడింటికీ పదేసి మార్కుల లెక్కన వేసి, మొత్తం 35 దాటితే ఇంకా బ్రతుకు బాగానే సాగుతోందని భావిస్తారు. మనసు గందరగోళంగా ఉన్నప్పుడు ఈ లెక్క ఆసరా ఇస్తుంది. నేనైతే గోడ క్యాలెండరునే ఎక్కువ నమ్ముతాను. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు చుక్కకు మంచిదో కాదో పెన్సిలుతో గుర్తు పెట్టు. వారంలో చెడ్డ రోజులే ఎక్కువైతే ఇక ఆపకు. ఒక రోజు ముందైనా ఫరవాలేదు గాని, ఒక రోజు ఆలస్యం కాకూడదు.

ఇది పాపమని మీ అత్తగారు అంటున్నారన్నావు. ఆవిడతో వాదించవద్దు. దానంతట అది పోతే ప్రశాంతంగా పోతుందని ఆవిడ నమ్మకం. ఈ జబ్బులో చాలాసార్లు వాంతులతో, ఫిట్సుతో రోజుల తరబడి యాతన పడి పోతుందని ఆవిడకు తెలియదు. ఒక రాత్రి నీతోపాటు చుక్క దగ్గర కూర్చోమని మర్యాదగా అడుగు.

ఆ సమయంలో ఏమి జరుగుతుందో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. మొదట మత్తు ఇస్తారు. కొద్ది నిమిషాలలో అది గాఢనిద్రలోకి జారుతుంది. నీరు తగ్గిన ఒంట్లో నరం దొరకడం కష్టం కనుక సూది ముందే పెట్టి ఉంచమని అడగడం మంచిది. తరువాత నరంలోకి ఎక్కించే మందుతో కొన్ని నిమిషాలలోనే గుండె ఆగుతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, ఒకటి రెండు శ్వాసలు ఎగపీల్చినట్టు రావచ్చు, కండరాలు అదరవచ్చు, మూత్రం పోవచ్చు. అప్పటికి దానికి తెలివి ఉండదు, బాధా ఉండదు. చెవుల వెనక నిమురుతూ, రోజూ పిలిచే గొంతుతోనే పిలువు. డబ్బు చెల్లింపు ముందే ముగించుకో.

బాబుకు ఎనిమిదేళ్ళు కదా, "నిద్రపుచ్చాం" అని మాత్రం చెప్పవద్దు. పడుకోవాలన్నా, సూది వేయించుకోవాలన్నా వాడు బెదిరిపోతాడు. చుక్క చనిపోతుందని సూటిగా చెప్పి, దగ్గర ఉంటావా అని వాడినే అడుగు.

మీ ఫ్లాటు చుట్టూ గుప్పెడు మట్టి లేదు కాబట్టి, నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో జంతువుల కోసం ఏర్పాటు చేసిన దహనవాటికను ముందుగానే విచారించి ఉంచుకో. ఎక్కడైనా పూడ్చిపెట్టదలిస్తే బావులకు దూరంగా కనీసం మూడు, నాలుగు అడుగుల లోతు తవ్వించాలి. ఆ మందు కళేబరంలో నిలిచి ఉంటుంది, మరో కుక్క తవ్వి తింటే దాని ప్రాణానికే ముప్పు. ప్లాస్టిక్ సంచి వద్దు, నీ పాత నూలుచీర చాలు.

తరువాత ఇంకో కుక్కను తెచ్చుకొమ్మని అందరూ అంటారు. గిన్నె కడిగి బోర్లించడానికి కూడా తొందరపడవద్దు. గవ్వ గొలుసు మా తలుపు వెనక ఏడాది వేలాడింది, అందువల్ల ఎవరికీ నష్టం కలగలేదు.

శుక్రవారం గౌతమికి టిక్కెట్టు తీసుకున్నాను, శనివారం ఉదయానికి నీ దగ్గర ఉంటాను. చుక్క అంతవరకు ఓర్చుకోలేకపోతే నా కోసం ఆపవద్దు, తల్లీ.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ