పెద్ద ఇంజెక్టర్లు వేశాక ఫ్యూయల్ టేబుల్ ఎలా దిద్దాలి?
టర్బో కారుకి పెద్ద ఇంజెక్టర్లు వేయించాక ఐడిల్‌లో నల్లపొగ, సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు తడబాటు అన్నారు కదా. ముందే ఫ్యూయల్ టేబుల్ (ఇంజిన్ వేగం, లోడును బట్టి ఎంత పెట్రోల్ వెళ్లాలో గడుల్లో ఉండే పట్టిక) జోలికెళ్లకండి. ఇంజెక్టర్ ఫ్లో (అది ఎంత పెట్రోల్ వదలగలదో), డెడ్ టైమ్ (కరెంటు అందాక అది తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం) విలువలు ఈసీయూలో, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో, సరిచేయండి. అవి తప్పయితే ఎన్ని గడులు దిద్దినా వృథాయే.

తర్వాత వైడ్‌బ్యాండ్ సెన్సర్ (పొగలోని ఆక్సిజన్‌ని బట్టి గాలి-పెట్రోల్ పాళ్లు కొలిచేది) బిగించి, క్లోజ్డ్ లూప్ (సెన్సర్ చూసి ఈసీయూ తనే పెట్రోల్ సర్దుకోవడం) ఆపి, బండి నడుపుతూ రీడింగుల లాగ్ తీయండి. ఒక గడిలో లాంబ్డా (గాలి-పెట్రోల్ పాళ్ల కొలత; 1.00 అంటే సరిగ్గా సరిపోయినట్టు) 1.00 కోరితే 1.10 వచ్చిందా? పెట్రోల్ తక్కువైందన్నమాట, ఆ గడిలోని విలువను 1.10తో హెచ్చవేయండి. పక్క గడులనూ కాస్త సర్దండి, లేకపోతే కుదుపు తప్పదు.

క్రూజింగ్‌లో 1.00 చాలు, ఫుల్ బూస్ట్‌లో 0.80 దగ్గర మొదలుపెట్టండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ల గాలి అనే పాత లెక్క కుదరదు, లాంబ్డానే చూడండి. ఫుల్ బూస్ట్ గడులు మాత్రం డైనో (కారుని ఒకచోటే ఉంచి రోలర్ల మీద నడిపి పరీక్షించే యంత్రం) మీదే; బీచ్ రోడ్డు మీద వద్దు బాబూ!