ఆ పిల్లవాడికి లింకన్ ఎవరో తెలుసు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. వాక్యం బాగా రాస్తావు. ఇక నాకు కోపం తెప్పించిన చోటుకి వస్తాను.

1860 నవంబర్. అమెరికా దక్షిణాదిలో, అలబామా రాష్ట్రంలో పత్తి చేల మధ్య బంగళా. ఎన్నికల ఫలితం తెలిసిన రాత్రి వంటింట్లో బానిస పిల్లవాడు "లింకన్ అంటే ఎవరమ్మా?" అని అడుగుతాడు. తల్లి "నాకేం తెలుసు నాయనా" అంటుంది. అప్పుడు యజమాని కొడుకు వచ్చి, పాఠకుడికి కావలసిన చరిత్రంతా రెండు పేజీల్లో చెప్పేస్తాడు. ఎందుకు రాశావమ్మా అలా?

తర్వాత నల్లవాళ్ళ నాయకుడిగా పేరు తెచ్చుకున్న బుకర్ టి. వాషింగ్టన్ వర్జీనియాలో బానిసగా పుట్టాడు. రైలుకీ పట్నానికీ దినపత్రికకీ దూరంగా ఉన్న తమ తోటలో కూడా, లింకన్ మొదటిసారి పోటీ చేసినప్పుడే ఆ తగువు దేనికోసమో బానిసలకు తెలుసని ఆత్మకథలో రాశాడు. పోస్టాఫీసు మూడు మైళ్ళ దూరం. ఉత్తరాల కోసం వెళ్ళిన బానిస, అక్కడ చేరిన తెల్లవాళ్ళ మాటల సారం అందేదాకా కదిలేవాడు కాదు. తిరిగొస్తూ తనవాళ్ళకి చెప్పేవాడు. బంగళాలో వాళ్ళకంటే ముందే వార్త వీళ్ళకి తెలిసిన సందర్భాలు చాలా ఉన్నాయట.

నువ్వు చూపించాలనుకున్న టెన్షన్ అంతా ఇక్కడే ఉంది. ఆ ఏడాది మే నెలలో చికాగోలో లింకన్ పార్టీవాళ్ళు, రిపబ్లికన్లు, చెప్పింది కొంచెమే: ఉన్న రాష్ట్రాల్లో బానిసత్వం జోలికి పోము, కొత్త ప్రాంతాలకు మాత్రం పాకనివ్వము. దక్షిణాది నాయకులూ పత్రికలూ ఊరూరా చాటింది వేరు. లింకన్ గెలిస్తే బానిసలు తిరగబడతారు, ఇళ్ళు తగలబెడతారు అన్నారు. అంతకు ముందు ఏడాదే, బానిసలను తిరగబడేలా చెయ్యాలని జాన్ బ్రౌన్ అనే తెల్లవాడు వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద దాడి చేశాడు, ఆ భయం ఇంకా పోలేదు. ఈ మాటలన్నీ భోజనాల దగ్గర గట్టిగానే అనుకునేవాళ్ళు. వడ్డించేది ఎవరు? బానిసలే కదా! లింకన్ తమను విడిపిస్తాడన్న ఆశని వాళ్ళకి అందించింది యజమానుల భయమే.

ఆ జులైలో టెక్సస్‌లోని డాలస్ ఊరు తగలబడింది. ఎండకి కొత్తరకం అగ్గిపుల్లలు వాటంతటవే అంటుకుని ఉంటాయనే చరిత్రకారులున్నారు. అప్పుడు మాత్రం కుట్ర అన్నారు, ముగ్గురు బానిసలను ఉరితీశారు. నీ కథలో ఈ భయం ఒక్క వాక్యంలోనైనా లేదు.

లింకన్‌కి రహస్యంగా ఓటేసే ఆ గుమాస్తాని తీసెయ్. అప్పట్లో ఓటు చీటీలు పార్టీలే అచ్చువేసి పంచేవి. అలబామాలో లింకన్ చీటీయే లేదు. దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో అంతే. అయినా, దేశం మొత్తం మీద 40 శాతం లోపు ఓట్లతో, అధ్యక్షుణ్ణి తేల్చే రాష్ట్రాల వారీ ఎలక్టోరల్ ఓట్లు 303లో 180 తెచ్చుకుని ఆయన గెలిచాడు. తమ ఓటు అక్కర్లేకుండానే అధ్యక్షుడు రాగలడని యజమానులకు ఆ రోజు తెలిసింది. డిసెంబర్ 20న సౌత్ కరోలినా రాష్ట్రం దేశం నుంచి విడిపోయింది. కారణాలు చెబుతూ బానిసత్వం పేరు దాచుకోలేదు కూడా.

ఏమీ తెలియని మనిషిని ఒకణ్ణి కథలో పెట్టమని నీకు ఎవరు చెప్పారో ఊహించగలను. మా రోజుల్లో ఒక వారపత్రిక సంపాదకుడు నా కథ తిప్పి పంపాడు. అందులో పాలేరు, భూపరిమితి చట్టం వస్తోందని, ఆసామి పొలాలు ఎవరెవరి పేర్ల మీదకి మారుస్తున్నాడో పెళ్ళానికి చెబుతాడు. "పాలేరుకి ఇంత తెలుస్తుందా? అమాయకంగా మార్చండి, వేసుకుంటాం" అని రాశాడు. వసారాలో చేతులు కట్టుకుని నిలబడి అన్నీ విన్నవాడికి తెలియక ఎవరికి తెలుస్తుంది? ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ, ఇంటద్దె బాకీ పడి ఉన్న రోజులు. డబ్బు అవసరమే. మార్చలేదు. చాలా ఏళ్ళకి ఒక చిన్న పత్రిక వేసింది, పైసా ఇవ్వలేదు. ఆ సంపాదకుడి మీద కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఇప్పుడు వర్క్‌షాపులు పెట్టి మరీ అదే పాఠం చెబుతున్నారు.

నువ్వు అడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ వంటింటి సీను మళ్ళీ రాయి. యజమాని కొడుకుని గుమ్మం బయటే ఉంచు. ఉత్తరాల సంచీ మోసుకొచ్చినవాడు దారిలో ఏం విన్నాడో ఆ పిల్లవాడి తల్లికి చెప్పనీ. రాసి పంపు, చదువుతాను.