391 ప్రధాన సంఖ్య ఎందుకు కాదు? ఎక్కడిదాకా భాగించి చూడాలి?

మీ అబ్బాయి 2, 3, 5, 7లతో చూసి, వేటితోనూ పోకపోయేసరికి 391ని ప్రధాన సంఖ్య అని రాశాడన్నారు. పేపర్లు దిద్దేవాళ్లకి బాగా అలవాటైన తప్పే ఇది. ఆ నాలుగూ 120 దాకానే పనికొస్తాయి. 121 అంటే 11×11 కదా, అక్కణ్ణుంచి 11తోనూ, 169 నుంచి 13తోనూ చూడాల్సిందే.

391 కంటే 20×20 పెద్దది. కాబట్టి దాన్ని రెండు సంఖ్యల లబ్ధంగా రాస్తే, అందులో ఒకటి 20 లోపు ఉండి తీరాలి. 19 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలన్నమాట.

చివర 1 ఉంది, అంకెల మొత్తం 13. అంటే 2, 3, 5లతో పోదు. 7కి చివరి అంకెను రెట్టింపు చేసి మిగతాదాంట్లోంచి తీసెయ్యాలి: 39−2=37, పోదు. 11కి 3−9+1=−5, పోదు. 13కి చివరి అంకెకు నాలుగు రెట్లు కలపాలి: 39+4=43, పోదు. 17కి ఐదు రెట్లు తీసెయ్యాలి: 39−5=34. పదిహేడు రెళ్లు ముప్పై నాలుగు, దొరికింది! 391=17×23. (13, 17, 19 ఎక్కాలు నోటికొస్తే ఈ తంటా అంతా అక్కర్లేదు. అవి రాకపోవడం వల్లే 91, 119, 221, 323 కూడా ప్రధాన సంఖ్యల్లా కనిపిస్తాయి.)

కారణాంకాలుగా విడగొట్టేటప్పుడు హద్దు మారుతూ పోతుంది. చాలామంది ఇది పట్టించుకోరు. 2682 తీసుకోండి. 2తో 1341, 3తో 447, మళ్లీ 3తో 149. ఇక 2682 వర్గమూలం 51 దాకా వెళ్లక్కర్లేదు, 149కే చూడాలి. 13×13=169 దాన్ని దాటిపోయింది. 3, 5, 7, 11లతో పోదు, కాబట్టి 149 ప్రధాన సంఖ్యే. జవాబు 2×3²×149. ఒకసారి వదిలేసిన 2 దగ్గరికి మళ్లీ వెళ్లక్కర్లేదు గానీ, 3తో పోయాక ఇంకోసారి 3తోనే చూడాలి. ఆ రెండో 3ని మర్చిపోతే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కూడా తప్పుతుంది.

6 గుణిజానికి ఒకటి అటూ ఇటూ ఉన్నవన్నీ ప్రధాన సంఖ్యలే అనుకోకండి. 25, 35, 49 కూడా అలాంటివే.

భాగహారం మొదలెట్టే ముందు, సంఖ్య ఏదైనా వర్గానికి ఇంకో చిన్న వర్గమంత తక్కువగా ఉందేమో చూడమనండి. 391 అంటే 400−9, అంటే (20−3)(20+3). 2491ని మామూలు పద్ధతిలో 47 దాకా భాగించుకుంటూ పోవాలి. 2500−9 అని చూస్తే 47×53 అని ఒక్క లైనులో తేలిపోతుంది.