బాబుని జూన్‌లో ప్లేస్కూల్లో వేద్దామనుకుంటున్నాం, చేర్చే ముందు ఏం చూసుకోవాలి?

బాబుకి జూన్‌కి రెండేళ్ళ ఎనిమిది నెలలు నిండుతాయనీ, ఇంట్లో పెద్దవాళ్ళు నర్సరీలో వేసేయమంటున్నారనీ, దగ్గర్లో ఉన్న మూడు స్కూళ్ళలో ఏది మంచిదో తేల్చుకోలేకపోతున్నాననీ రాశారు. మాది హైదరాబాద్, మా పాప ఇప్పుడు రెండో తరగతి. నా అనుభవంతో చెప్తున్నానండి, గోడల మీద బొమ్మలూ స్మార్ట్ బోర్డులూ తర్వాత చూద్దురుగానీ, ముందు అక్కడి ఆయమ్మని చూడండి.

టీచర్ రైమ్స్ చెప్తారు, రంగులు వేయిస్తారు, బాగానే ఉంటుంది. కానీ బాత్రూమ్‌కి తీసుకెళ్ళేది, నిక్కరు తడిస్తే మార్చేది, ఏడుస్తుంటే ఎత్తుకుని తిప్పేది ఎక్కువగా ఆయమ్మే. మేం మొదట చేర్చిన చోట టీచర్లు మంచివాళ్ళే, కాకపోతే ఫ్లోర్ మొత్తానికి ఆయమ్మ ఒక్కరే ఉండేవారు. కొన్నాళ్ళకి గమనిస్తే పాప వాటర్ బాటిల్ పొద్దున నింపి ఇచ్చింది నింపినట్టే తిరిగొస్తోంది, ఇంటికి రాగానే షూస్ కూడా విప్పకుండా బాత్రూమ్‌లోకి పరిగెడుతోంది. మెల్లగా అడిగితే "ఆయమ్మ రాదు కదా, అందుకే నీళ్ళు తాగను" అంది. మూడేళ్ళ పిల్ల తనంతట తను లెక్కేసుకుని దాహం ఆపుకుందంటే ఇప్పుడు తల్చుకున్నా కడుపు తరుక్కుపోతుంది. ఆ తర్వాత యూరిన్ ఇన్‌ఫెక్షన్ కూడా వచ్చింది. స్కూల్ మార్చాం. కొత్త చోట ఆయమ్మ గంటకోసారి పిల్లల్ని తనే పిలిచి తీసుకెళ్ళేది, బాటిల్ ఖాళీగా రావడం మొదలైంది.

అందుకే స్కూల్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆఫీసు రూమ్‌లో కూర్చుని బ్రోషర్ తీసుకుని వచ్చేయకండి. పదకొండు గంటలప్పుడు, స్నాక్స్ టైమ్‌లో వెళ్ళండి. క్లాసులో ఎంతమంది పిల్లలున్నారు, ఆయమ్మలు ఎందరు, బాత్రూమ్ ఎంత దూరం, నేల తడిగా ఉందా, కమోడ్ పిల్లల ఎత్తులో ఉందా చూడండి, ఏడ్చే పిల్లాడి దగ్గరికి ఎవరు వెళ్తున్నారో కూడా కాసేపు నిలబడి చూడండి. లోపలికి రానివ్వం, సీసీ కెమెరాలున్నాయి అంటే నేనైతే అక్కడ చేర్చను. కెమెరా ఉండటం మంచిదే కానీ పిల్లాడి నిక్కరు మార్చేది కెమెరా కాదు కదా. సాయంత్రం పిల్లల్ని ఎవరి చేతికి అప్పగిస్తారు, మీ బదులు ఇంకెవరైనా వస్తే ఫోన్ చేసి అడుగుతారా అన్నది కూడా తేల్చుకోండి.

ఇంకోటి వయసు లెక్క, దీని గురించి చాలామంది ఆలోచించరు. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలి, 2023 ఫిబ్రవరిలో కేంద్రం రాష్ట్రాలకు మళ్ళీ ఇదే రాసింది. మీ బాబుని ఈ జూన్‌లో నర్సరీలో వేస్తే, ఎల్‌కేజీ, యూకేజీ అయ్యేసరికి ఐదేళ్ళ ఎనిమిది నెలలే అవుతాయి. ఆరేళ్ళు నిండాలనే పెద్ద స్కూలుకి అప్పుడు వెళ్తే నాలుగు నెలలు తక్కువని ఆపేస్తారు, యూకేజీ రెండోసారి చదవమంటారు. తర్వాత ఏ స్కూల్లో వేద్దామనుకుంటున్నారో అక్కడ వయసు ఎలా చూస్తారో ఇప్పుడే కనుక్కోండి. ఈ ఏడాదికి ప్లేగ్రూప్ చాలు, నర్సరీ వచ్చే ఏడాది.

"మా దగ్గర నర్సరీలోనే మాటలు రాసేస్తారు" అని గొప్పగా చెప్తే దాన్ని చూసి మురిసిపోకండి. మూడేళ్ళ చేతికి పెన్సిల్ పట్టు ఉండదు, మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపి అతికించడం వల్లే వేళ్ళకి బలం వస్తుంది. అక్షరాభ్యాసం చేయించాం కదా ఇంకా అ ఆలు రాయట్లేదేంటి అని మా అత్తయ్యగారు అనేవారు, ఇప్పుడు మా పాప రాసేది ఆవిడే అందరికీ చూపిస్తారు. ఇంట్లో తెలుగే మాట్లాడితే, బాబు తెలుగులో అడిగినదానికి టీచర్ తెలుగులో జవాబు చెప్తారా లేదా అడగండి. దాహం, భయం, నొప్పి వచ్చీ రాని భాషలో చెప్పమంటే పసివాడు ఏం చేస్తాడు, నోరు మూసుకుంటాడు.

మొదటి కొన్ని నెలలు జలుబులు తప్పవు, టెన్షన్ పడకండి. డీపీటీ టీకా బూస్టర్, ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా రెండో డోసు (ఇవి పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య వేస్తారు) పడ్డాయో లేదో కార్డు చూసుకోండి. నోట్లో, చేతులకీ కాళ్ళకీ బొబ్బలొచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ ఒకరికి వస్తే చాలా తొందరగా అంటుకుంటుంది, అలాంటప్పుడు మిగతా తల్లిదండ్రులకి చెప్తారా అని అడగండి.

బాబుకి జిప్ ప్యాంట్లు వద్దు, ఎలాస్టిక్‌వి వేయండి. డబ్బా మూత వాడే తీసుకోగలిగేది కొనండి, ఇంట్లో వారం రోజులు తీయించి చూడండి. బాత్రూమ్ వస్తే వాడు ఎలా చెప్తాడో ఆయమ్మకి మీరే స్వయంగా చెప్పండి. మొదటివారం గంట, గంటన్నర ఉంచి తీసుకెళ్తామంటే ఒప్పుకునే స్కూలే చూసుకోండి.

ఫీజు మాత్రం ఏడాదిది ఒకేసారి కట్టొద్దు, డిస్కౌంట్ ఇస్తామన్నా సరే. టర్మ్ ఫీజు కట్టండి, మధ్యలో మాన్పిస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి.