బీపీ మాత్ర మానేసి డార్క్ చాక్లెట్ తినవచ్చా?

ప్రశ్న: నా వయసు 54 ఏళ్లు. మాది ఏలూరు జిల్లా. నాలుగేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. బీపీ 134/84 దగ్గర ఉంటోంది. ఈమధ్య పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 6.1, హిమోగ్లోబిన్ 10.4 వచ్చాయి. ఐరన్ మాత్రలు రాశారు. అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి డార్క్ చాక్లెట్లు పంపింది. రోజూ తింటే బీపీ, షుగర్ తగ్గుతాయని, రక్తం కూడా పడుతుందని వాట్సాప్‌లో చదివాను. మాత్రలు మానేసి ఇవి తినవచ్చా? మా కొబ్బరితోటలో అంతర పంటగా కోకో ఉంది. ఆ గింజలే నేరుగా తింటే ఇంకా మంచిదా?
– ఒక పాఠకురాలు

జవాబు: బీపీ మాత్రను దయచేసి ఆపవద్దు. 134/84 అనేది మందు వేసుకుంటున్నందువల్ల వచ్చిన అంకె. మందు ఆపితే కొన్ని రోజుల్లోనో వారాల్లోనో బీపీ మళ్లీ పెరుగుతుంది. అలా పెరిగినప్పుడు చాలామందిలో ఏ లక్షణమూ కనిపించదు కాబట్టి, ఆరోగ్యం బాగానే ఉందనుకుంటూ నెలలు గడిపేసే ప్రమాదం ఉంది.

మీరు చదివినదానిలో కొంత నిజం లేకపోలేదు. కోకోలో ఫ్లేవనాల్స్ అనే పదార్థాలు ఉంటాయి. వీటిలో ముఖ్యమైన ఎపికాటెచిన్, రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్ ఉత్పత్తిని పెంచి, నాళాలు కాస్త వ్యాకోచించేలా చేస్తుంది. పనామా తీరంలోని దీవుల్లో నివసించే కునా తెగ ప్రజలు కోకో పానీయం బాగా తాగుతారని, వయసు పెరిగినా వారిలో బీపీ పెద్దగా పెరగడం లేదని, అదే తెగవారు నగరానికి వలస వెళ్తే పెరుగుతోందని అమెరికా వైద్యుడు నార్మన్ హోలెన్‌బర్గ్ బృందం 1990లలో గమనించింది. అప్పటి నుంచే ఈ పరిశోధనలు ఊపందుకున్నాయి. అయితే నగరానికి వెళ్లినవారిలో కోకో ఒక్కటే కాదు, ఉప్పు, శారీరక శ్రమ, మొత్తం జీవన విధానం మారిపోతాయి.

ఆ ప్రభావం ఎంత అన్నదే అసలు ప్రశ్న. వైద్య అధ్యయనాలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2017లో 35 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు కోకో వల్ల బీపీ సగటున 2 పాయింట్ల లోపే తగ్గింది. అప్పటికే బీపీ ఎక్కువగా ఉన్నవారిలో పై అంకె దాదాపు 4 పాయింట్లు తగ్గింది. పైగా వాటిలో అత్యధికం కొన్ని వారాలపాటు సాగిన చిన్న అధ్యయనాలు. ఆ తరువాత అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్ద వయసువారితో నిర్వహించిన కాస్మోస్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ తీసుకున్నవారిలో గుండె జబ్బుల వల్ల సంభవించే మరణాలు తగ్గినా, గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి లెక్కించిన ప్రధాన ఫలితంలో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు. వారికి ఇచ్చినది చాక్లెట్ కాదు, కోకో సారం నింపిన క్యాప్సూల్ అన్నది కూడా గమనించండి. రోజుకు నాలుగైదు గ్రాముల ఉప్పు తగ్గించుకుంటే మీలాంటివారికి పై అంకె సుమారు 5 పాయింట్లు తగ్గుతుంది. కాబట్టి ఊరగాయ, అప్పడాలు, వడియాలు తగ్గించుకోవడం చాక్లెట్ కంటే మీకు ఎక్కువ మేలు చేస్తుంది.

ప్యాకెట్ మీద 70 శాతం, 85 శాతం అని రాసేది కోకో గింజ నుంచి వచ్చిన మొత్తం పదార్థాన్ని, అంటే కోకో వెన్నను కూడా కలిపి చెప్పే లెక్క. ఫ్లేవనాల్స్ ఎంత మిగిలాయో అది చెప్పదు. గింజలను పులియబెట్టినప్పుడు కొంత, వేయించినప్పుడు మరికొంత తగ్గిపోతాయి. చేదు పోవడానికి క్షారంతో శుద్ధి చేస్తే చాలా మటుకు పోతాయి. అందుకే వెనుక ఉన్న పదార్థాల జాబితాలో ‘ఆల్కలీ’ (క్షారం) అన్న మాట ఉందేమో చూడండి. చక్కెర పేరు మొదట ఉంటే అది పేరుకే డార్క్ చాక్లెట్. 70 శాతం రకం 20 గ్రాములు తింటే సుమారు 120 కేలరీలు, 8 గ్రాములకు పైగా కొవ్వు, 6 గ్రాముల దాకా చక్కెర శరీరంలోకి వెళ్తాయి. కేలరీల లెక్కలో అది దాదాపు రెండు చిన్న ఇడ్లీలు తిన్నంత. ఇష్టంగా తినాలనుకుంటే, భోజనం తరువాత 10 నుంచి 20 గ్రాములు, అదీ వేరే తీపి మానేసి తినండి. కొన్ని రకాల డార్క్ చాక్లెట్లలో సీసం, కాడ్మియం ఉన్నట్లు అమెరికాలో పరీక్షల్లో తేలింది కాబట్టి, రోజూ కాకుండా వారంలో మూడు నాలుగు రోజులకు పరిమితం కావడం, ఒకే బ్రాండ్‌కు అలవాటు పడకపోవడం మంచిది. ఛాతీలో మంట, పులితేన్పులు ఉంటే మాత్రం వద్దు. కిడ్నీలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉన్నవారూ దూరంగా ఉండాలి.

షుగర్ విషయానికొస్తే, డార్క్ చాక్లెట్ తినేవారిలో టైప్ 2 మధుమేహం తక్కువగా కనిపించిందని 2024 చివర్లో ఒక అమెరికా అధ్యయనం చెప్పిన మాట నిజమే. కానీ అది ప్రజల అలవాట్లను ఏళ్ల తరబడి గమనించి రాసినది. అలాంటి అధ్యయనం తేడాను చూపగలదే తప్ప దానికి చాక్లెట్టే కారణమని తేల్చలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది హిమోగ్లోబిన్. డార్క్ చాక్లెట్‌లో ఇనుము ఉన్న మాట వాస్తవమే, 20 గ్రాములకు రెండు మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటుంది. కానీ అదే చాక్లెట్‌లోని పాలీఫినాల్స్ (ఫ్లేవనాల్స్ కూడా ఈ కోవకు చెందినవే) ఆ ఇనుము పేగుల్లో ఒంటికి పట్టకుండా అడ్డుకుంటాయి. కాబట్టి దానితో రక్తం పడుతుందని ఆశించవద్దు. ఐరన్ మాత్రకు, చాక్లెట్, కాఫీ, టీలకు మధ్య కనీసం రెండు గంటల వ్యవధి ఉంచండి. మాత్రతోపాటు నిమ్మరసం తాగితే ఇనుము బాగా ఒంటపడుతుంది. అంతకంటే ముఖ్యం, నెలసరి ఆగిపోయిన వయసులో రక్తం తగ్గితే కారణం వెతకాలి. మోకాళ్ల నొప్పులకు మాత్రలు తరచూ వాడుతున్నారా, మలం నల్లగా వస్తోందా, బరువు తగ్గారా, మొలలు ఉన్నాయా అన్నవి మీ డాక్టర్‌కు చెప్పి, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను తెలిపేది), మలంలో రక్తం పరీక్షలు, అవసరమైతే ఎండోస్కోపీ చేయించుకోండి. ఇనుము లోపం ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే కొంచెం ఎక్కువగా కనిపించవచ్చు. అందువల్ల పరగడుపున, భోజనం తరువాత షుగర్ కూడా చూపించుకుంటేనే 6.1 అన్న అంకె అర్థం స్పష్టమవుతుంది.

ఇక తోటలోని కోకో. పండులో గింజల చుట్టూ ఉండే తెల్లని తీపి గుజ్జు కాస్త తింటే ఇబ్బంది లేదు. పులియబెట్టి ఎండబెట్టిన గింజలను వేయించకుండా తినవద్దు. పులిసేటప్పుడు, కళ్లంలో ఆరేటప్పుడు వాటికి సూక్ష్మక్రిములు అంటుకుంటాయి. సరిగా ఆరకపోతే బూజు విషాలు కూడా చేరతాయి.

ఇంట్లో బీపీ యంత్రం ఉంటే రెండు వారాలపాటు ఉదయం మాత్ర వేసుకునే ముందు, మళ్లీ సాయంత్రం, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్న తరువాత రెండేసి సార్లు చూసి రాసి పెట్టుకోండి. ఆ కాగితంతోపాటు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం రిపోర్టులను మీ డాక్టర్‌కు చూపిస్తే, మాత్ర మోతాదు మార్చాలో వద్దో వారు నిర్ణయిస్తారు.