నడుములో డిస్క్ జారిందంటే వెంటనే ఎమ్మారై తీయించాలా?

చాలామందికి అక్కర్లేదు. అసలు డిస్క్ జారదు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలోని గుజ్జు బయటికి పొడుచుకొచ్చి నరాన్ని నొక్కుతుంది. నొప్పి పిరుదు నుంచి మోకాలి కిందికి పాకుతుంటే దీన్ని అనుమానించాలి. డాక్టరు వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తి చూస్తారు. 30 నుంచి 70 డిగ్రీల మధ్య కాలంతా లాగితే నరం నలుగుతున్నట్టే అనుకోవచ్చు.

ఎమ్మారైలో ఏ నొప్పీ లేనివాళ్లకీ డిస్క్ ఉబ్బు కనిపిస్తుంటుంది, రిపోర్టు చదివి టెన్షన్ పడొద్దు. ఎక్కువమందికి మాత్రలు, ఫిజియోథెరపీ, వీలైనంత నడకతో 6 నుంచి 12 వారాల్లో తగ్గుతుంది. రోజుల తరబడి మంచం పట్టడం మాత్రం మంచిది కాదు. అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్షన్, ఆపరేషన్.

మూత్రం ఆగినా, మలమూత్రాలపై పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.